అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీలో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్, ఏపీఏ స్టైల్‌లో (రిఫరెన్సులు రాసే ఒక పద్ధతి) అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ, అంటే ప్రతి రిఫరెన్స్ కింద దాని గురించి చిన్న పేరా రాసే లిస్టు, ఇచ్చారు, "సైటేషన్ ఎర్రర్స్, టెన్స్ షిఫ్ట్స్" అని రెండు ముక్కలు రాసి మార్కులు కోసేశారు, ఏం తప్పో అర్థం కావట్లేదు అన్నారు కదా. నేను ఇక్కడ ఒక యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌లో ట్యూటర్‌గా చేశానండి, మనవాళ్ళు చాలామంది ఇదే కామెంట్ పట్టుకొని వచ్చేవాళ్ళు, కాబట్టి మీ ఫైల్ చూడకుండానే సగం చెప్పేయొచ్చు.

గూగుల్ స్కాలర్‌లో సైట్ (Cite) బటన్ నొక్కి కాపీ పేస్ట్ చేసుంటారు, అవునా? దాన్ని నమ్మి అలాగే వదిలేయకూడదు. అది డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు నంబర్) ఇవ్వదు, క్యాపిటల్స్ కూడా ఒక్కోసారి ఒక్కోలా ఇస్తుంది. ఏపీఏలో ఆర్టికల్ టైటిల్‌కి మొదటి పదం, కోలన్ తర్వాతి పదం, పేర్లు, వీటికే క్యాపిటల్, జర్నల్ పేరుకి మాత్రం ముఖ్యమైన పదాలన్నిటికీ క్యాపిటల్, పైగా ఇటాలిక్స్. ఇంకోటేంటంటే సీనియర్లు ఇచ్చే పాత పీడీఎఫ్ గైడ్లు. 2019 చివర్లో ఏపీఏ ఏడో ఎడిషన్ వచ్చింది, దాంతో పబ్లిషర్ ఉన్న ఊరు రాయక్కర్లేదు, డీఓఐ పూర్తి లింకుగా పెట్టాలి, ముగ్గురూ అంతకన్నా ఎక్కువమంది రచయితలుంటే టెక్స్ట్‌లో మొదటిసారి నుంచే మొదటి రచయిత పేరు తర్వాత ఎట్ ఆల్ (et al., అంటే "మిగతావాళ్ళు") వాడాలి. కానీ కింద రిఫరెన్స్ ఎంట్రీలో 20 మంది దాకా అందరి పేర్లూ రాయాల్సిందే, అక్కడ కూడా ఎట్ ఆల్ పెట్టేసేవాళ్ళే ఎక్కువ. చుక్క "ఆల్" తర్వాతండీ, "ఎట్" తర్వాత కాదు.

ఇక పేర్లు. మన రచయితల పేపర్లు వాడితే ఇక్కడ కచ్చితంగా ఇరుక్కుంటారు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, సాఫ్ట్‌వేర్ ఏమో చివర ఉన్నదే ఇంటిపేరు అనుకుంటుంది, దాంతో సగంమంది "రావు", "రెడ్డి" అనే పేర్ల కింద చేరిపోతారు. విస్కాన్సిన్‌లో పాఠాలు చెప్పిన వెల్చేరు నారాయణరావు గారినే తీసుకోండి, ఇంటిపేరు వెల్చేరు, కానీ ఇంగ్లిష్ రిఫరెన్సుల్లో ఆయన ఒకచోట "నారాయణ రావు, వి." అని ఉంటారు, ఇంకోచోట "రావు, వి. ఎన్." అని ఉంటారు. ఆల్ఫబెటికల్ ఆర్డర్‌లో ఎన్ దగ్గరా ఆర్ దగ్గరా రెండుసార్లు వస్తే చదివేవాళ్ళు ఇద్దరు మనుషులనుకుంటారు. "అసలు ఇంటిపేరు మాకు తెలుసు కదా" అని మీరే సరిదిద్దేయకండి. ఆ రచయిత తన ఇంగ్లిష్ రచనల్లో పేరు ఎలా వేసుకున్నారో చూసి అదే వాడండి, లిస్టులోనూ టెక్స్ట్‌లోనూ ఒకేలా ఉండాలి.

టెన్స్ సంగతికొస్తే, రీసెర్చర్లు చేసినదానికీ కనుక్కున్నదానికీ ఏపీఏ పాస్ట్ గానీ ప్రెజెంట్ పర్ఫెక్ట్ గానీ అడుగుతుంది, అంటే "ఫౌండ్", "హ్యావ్ షోన్" లాంటివి. ఎంఎల్ఏ అనే ఇంకో సైటేషన్ స్టైల్‌లో అలవాటు ప్రెజెంట్, "ఆర్గ్యూస్" అని. మనవాళ్ళు ఇంటర్నెట్‌లో రెండు రకాల శాంపిల్సూ చూసి ఒకే పేరాలో రెండూ కలిపేస్తారు. మీ సొంత అభిప్రాయం, అంటే ఈ పేపర్ నా టాపిక్‌కి ఎందుకు పనికొస్తుందనేది, ప్రెజెంట్‌లోనే రాయండి, దాన్ని షిఫ్ట్ అనరు.

నా లెక్కలో అసలు పెద్ద గొడవ వాక్యంలో కర్త తప్పిపోవడం. "200 మంది స్టూడెంట్స్‌ని పరిశీలించి ఫలితాలు ఇలా ఉన్నాయి" అని తెలుగులో అనేస్తాం, పరిశీలించింది ఎవరో చెప్పకపోయినా ఎవరూ అడగరు. అదే ఇంగ్లిష్‌లో "బై ఎగ్జామినింగ్ 200 స్టూడెంట్స్, ది రిజల్ట్స్ షోడ్" అని రాస్తే ఫలితాలే కూర్చుని పరిశీలించినట్టు అవుతుంది. "ఇన్ దిస్ ఆర్టికల్ ఇట్ సేస్" కూడా ఇదే బాపతు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఈ పని చేసింది ఎవరు అని అడిగి, ఆ మనుషుల్ని ముందు పెట్టి రాస్తే చాలావరకు సర్దుకుంటుంది. "డిస్కస్డ్ అబౌట్", "రీసెర్చెస్" లాంటివి ఎలాగూ కొట్టేయండి, వీటికి గ్రామర్ చెకర్ చాలు.

అబ్‌స్ట్రాక్ట్‌నే (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) మాటలు మార్చి రాస్తే అది అనొటేషన్ అవదు, పైగా కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో కూడా దొరికిపోవచ్చు. పేపర్ ఏం చెప్పింది, ఎంతవరకు నమ్మొచ్చు, నాకెందుకు, ఈ మూడూ ఉండాలి. చాలా డ్రాఫ్టుల్లో మధ్యది ఉండదు. "దిస్ ఈజ్ ఎ వెరీ గుడ్ ఆర్టికల్" అంటే నమ్మకం గురించి చెప్పినట్టు కాదండి, "ఒకే కాలేజీలో చేసిన సర్వే, అందుకే మిగతా చోట్లకి వర్తిస్తుందని చెప్పలేం" లాంటి ఒక్క వాక్యం రాయండి, ప్రొఫెసర్ చూసేది అదే.

చాట్‌జీపీటీని రిఫరెన్సులు మాత్రం అడగొద్దు, లేనివి కల్పించి ఇస్తుంది, 2023లో న్యూయార్క్‌లో అది కల్పించిన కేసుల్ని కోర్టులో సైట్ చేసి లాయర్లు 5,000 డాలర్ల ఫైన్ కట్టాల్సొచ్చింది.

హ్యాంగింగ్ ఇండెంట్ (రిఫరెన్స్‌లో మొదటి లైను తప్ప మిగతావి లోపలికి జరగడం) స్పేస్ బార్‌తో కొట్టకండి, వర్డ్‌లో కంట్రోల్ టీ నొక్కితే అరంగుళం వస్తుంది, అనొటేషన్ పేరా మొత్తం కూడా అరంగుళం లోపలికి జరగాలి. ఎన్ని పదాలు అంటే, కార్నెల్ యూనివర్సిటీ లైబ్రరీ గైడ్ సుమారు 150 అంటుంది, కానీ మీ సిలబస్‌లో వేరే అంకె ఉంటే అదే ఫైనల్.