లినక్స్‌లో స్కానర్, వెబ్‌క్యామ్ పనిచెయ్యకపోతే ఎక్కడినుంచి వెతకాలి?

ఉబుంటు వేశాక స్కానర్ కనబడటం లేదు, వెబ్‌క్యామ్ పెడితే తెర నల్లగా ఉంటోంది, డ్రైవర్లు ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు. డ్రైవర్ల వేట కాసేపు ఆపండి. చాలాసార్లు అవి సిస్టమ్‌లో ముందే ఉంటాయి. పరికరం ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో పట్టుకోవాలి.

స్కానర్లను చూసుకునేది సేన్ అనే వ్యవస్థ. అందులో 'సేన్-ఫైండ్-స్కానర్' కమాండ్ యూఎస్‌బీకి స్కానర్ తగిలి ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. 'స్కాన్‌ఇమేజ్'కి క్యాపిటల్ ఎల్ ఆప్షన్ ఇస్తే, దాన్ని నడిపే బ్యాకెండ్ (సేన్‌లో డ్రైవర్ పని చేసే భాగం) దొరికిందో లేదో తెలుస్తుంది. మొదటిదానికే కనబడకపోతే కేబుల్, పోర్ట్ మార్చి చూడండి. మొదటిదానికి కనబడి రెండోదానికి కనబడకపోతే, రెండోదాన్ని సూడోతో, అంటే అడ్మిన్ హక్కులతో నడపండి. అప్పుడు కనబడిందంటే అడ్డం పడుతున్నది అనుమతులే. మీ యూజర్‌ని 'స్కానర్' గ్రూపులో, ప్రింటర్ కూడా కలిసిన మెషీనైతే 'ఎల్‌పీ' గ్రూపులో కూడా చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి.

మా ఇంట్లో పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది. కొత్త విండోస్‌కి దాని తయారీదారు డ్రైవర్ ఇవ్వలేదు. డెబియన్ అనే లినక్స్‌లో సేన్‌వారి జెనిసిస్ బ్యాకెండ్ దాన్ని వెంటనే గుర్తుపట్టింది. నాన్న దాచుకున్న పాత తెలుగు పత్రికలన్నీ దానిమీదే స్కాన్ చేశాను. 300 డీపీఐ గ్రేస్కేల్‌లో తీసి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసెరాక్ట్ ప్రోగ్రామ్‌కి తెలుగు ప్యాకేజీ జతచేస్తే అచ్చు అక్షరాలు వెతుక్కోదగ్గ టెక్స్ట్‌గా మారతాయి. ఒత్తుల దగ్గర, సిరా వెలిసిన చోట్ల చేత్తో దిద్దుకోవాలి. చేతిరాత పొలం కాగితాలకి మాత్రం అది పనికిరాదు. కంపెనీ చేతులు దులుపుకున్న యంత్రాన్ని ముక్కూమొహం తెలియని వాలంటీర్లు బతికించి ఉంచారు. నేను లినక్స్ వదలకపోవడానికి పెద్ద కారణం అదే.

కొత్తగా కొనేవాళ్ళు మాత్రం ఈఎస్‌సీఎల్ అనే ప్రొటోకాల్ (నెట్‌వర్క్‌లో స్కాన్ చేసే ఉమ్మడి పద్ధతి) ఉన్న స్కానర్ తీసుకోండి. 'సేన్-ఎయిర్‌స్కాన్' ప్యాకేజీ ఉంటే వైఫైలో డ్రైవర్ లేకుండానే పనిచేస్తుంది. యూఎస్‌బీలోనూ అలాగే వాడాలంటే, మెషీన్‌కి ఆ సదుపాయం ఉన్నప్పుడు 'ఐపీపీ-యూఎస్‌బీ' సర్వీస్ కావాలి. ఒక్క జాగ్రత్త: ఆ సర్వీస్ పరికరాన్ని పట్టుకుని ఉన్నంతసేపూ కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్‌కి అది అందకపోవచ్చు. రెండిట్లో ఒకటే ఉంచండి.

ఇక కెమెరా. యూవీసీ అనే ఉమ్మడి ప్రమాణం పాటించే యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లకి 2008లో వచ్చిన 2.6.26 కెర్నల్ (లినక్స్ మూలభాగం) నుంచీ డ్రైవర్ లోపలే ఉంది. తెర నల్లగా ఉంటే ముందు లెన్స్ మీది షట్టర్, కీబోర్డ్ మీది కెమెరా బటన్ చూడండి. తర్వాత ఇంకే బ్రౌజర్ ట్యాబైనా కెమెరాని వాడుతోందేమో చూడండి. ఒకే కెమెరాకి వీడియో0, వీడియో1 అని రెండు కనబడితే కంగారుపడకండి. రెండోది సాధారణంగా మెటాడేటా కోసం, దాంట్లోంచి బొమ్మ రాదు. యాప్ సెట్టింగుల్లో మొదటిదాన్ని ఎంచుకోండి.

ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో కెమెరా యూఎస్‌బీ మీద ఉండదు, ప్రాసెసర్‌లోని ఐపీయూ6 అనే బొమ్మలు సిద్ధంచేసే భాగానికి నేరుగా కలిపి ఉంటుంది. యూఎస్‌బీ పరికరాలను చూపే 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కమాండ్ జాబితాలో మీ కెమెరా లేకపోతే ఇదే అయ్యుండొచ్చు. దానికి కొత్త కెర్నల్, లిబ్‌క్యామెరా అనే కెమెరా లైబ్రరీ రెండూ కావాలి, సెన్సర్‌ని బట్టి ఇంకా తిప్పలుంటాయి. రేపు ఇంటర్వ్యూ ఉందంటే మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్ ఒకటి తెచ్చుకోండి.

పై కమాండ్లు ఏం చూపించాయో, స్కానర్, ల్యాప్‌టాప్ మోడళ్ళు ఏమిటో కింద రాయండి. ఏ బ్యాకెండ్ కావాలో చూసి చెబుతాను.