పెంచిన పెన్షన్ ఏ నెల నుంచి లెక్క?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర లంక గ్రామమండి. మా అత్తగారు రెండు నెలలు హైదరాబాద్‌లో మా ఆడపడుచు దగ్గర ఉండి వచ్చారు. వచ్చాక ఒకటో తారీఖున సచివాలయం అమ్మాయి వేలిముద్ర వేయించుకుని ఒకేసారి 12,000 చేతిలో పెట్టింది, పక్కింటివాళ్లు పెన్షన్ పెరిగిందన్నారు, తీరా మర్నెల మళ్లీ 4,000 వచ్చింది. తగ్గించేశారని ఆవిడ బెంగ పెట్టుకుని అన్నం సరిగ్గా తినట్లేదు. పైగా ఈ ఏడు 80 నిండాయి, 80 దాటితే సెంటర్ ఎక్కువిస్తుందంట కదా, అదెప్పట్నుంచి కలుస్తుంది?

జవాబు: ముందు అత్తగారిని కూర్చోబెట్టి చెప్పండమ్మా, రూపాయి కూడా తగ్గలేదని. ఊళ్లో లేని రెండు నెలలవీ, ఆ నెలదీ, మూడు నాలుగులు పన్నెండు, అంతే. 2024 చివర్నుంచి ఈ వీలు పెట్టారు, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపిస్తారు. కానీ వరుసగా మూడు నెలలూ తీసుకోకపోతే మాత్రం ఆపేస్తారు, కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

నిజంగా రేటు పెరిగినప్పుడు చూడాల్సింది డబ్బు చేతికొచ్చిన రోజు కాదండి, జీవోలో ఏ నెల నుంచి అని రాశారో అది. 2024 జులై 1న వృద్ధులకి 7,000 ఇచ్చారు గుర్తుందా, 3,000 ఉన్నదాన్ని 4,000 చేసి ఏప్రిల్ నుంచే లెక్కేశారు కాబట్టి ఏప్రిల్, మే, జూన్‌లకి వెయ్యేసి బకాయి కలిసింది. మర్నెల 4,000 రాగానే మా వీధిలో ఒక పెద్దావిడ కొంగు ముడిలో నోట్లు మూడుసార్లు లెక్కపెట్టుకుని, మిగతా మూడు వేలు ఎవరు తిన్నారని ఏడ్చింది, ఆవిడకి ముందే ఎవరూ చెప్పకపోవడం నాకిప్పటికీ బాధే. అదే 2022లో 2,500, 2023లో 2,750, 2024లో 3,000 అయినప్పుడు జనవరి నుంచే అన్నారు, జనవరిలోనే ఇచ్చారు, అందుకని బకాయిలు ఏమీ రాలేదు.

ఒకటో తారీఖు ఆదివారం పడితే ముందు రోజే ఇచ్చేస్తారు, అదీ పెంపు కాదు. 2024లో సెప్టెంబర్ డబ్బులు ఆగస్టు 31నే వచ్చాయి, చాలామంది రెండోసారి ఇచ్చారనుకున్నారు.

ఇక 80 ఏళ్ల సంగతి. సెంటర్ వాటా 79 దాకా 200, 80 నుంచి 500, మీరు విన్నది నిజమే. కాకపోతే ఆ వాటా ఈ 4,000 లోపలే ఉంటుంది, మిగతాది రాష్ట్రం వేస్తుంది. సెంటర్‌ది పెరిగితే రాష్ట్రానిది అంత తగ్గుతుంది, అత్తగారి చేతికి మాత్రం అదే 4,000.

ప్రశ్న: మా బావగారు పోయారండి, వృద్ధాప్య పెన్షన్ వచ్చేది. అక్కకి అది మారడానికి ఏడాది పడుతుందంటున్నారు పాలకొల్లులో. నిజమేనా?

జవాబు: అంత పట్టదమ్మా. పెన్షన్ తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకి మర్నెల నుంచే 4,000 ఇవ్వాలని 2024 నవంబర్ నుంచి అమల్లో ఉంది. డెత్ సర్టిఫికెట్, అక్క ఆధార్ పట్టుకుని 15వ తారీఖు లోపు సచివాలయంలో ఇస్తే వచ్చే ఒకటో తారీఖుకే వస్తుంది, 15 దాటితే ఇంకో నెల పోతుంది. పదకొండో రోజు అయ్యేదాకా ఆగుదాం అనుకుంటారు మనవాళ్లు, ఈలోగా ఆ 15 దాటిపోతుంది. అక్కని ఇప్పుడు కదిలించకండి, కాగితాలు మీరే పట్టుకెళ్లి అడగండి.