రీసెర్చ్ పేపర్లో బొమ్మలు మార్చి పెట్టారని తెలిస్తే ఎవరికి చెప్పాలి, చెప్తే ఏమైనా జరుగుతుందా?

జరుగుతుంది, కాకపోతే మీరనుకున్నంత తొందరగా జరగదు, అనుకున్నంత గట్టిగానూ జరగదు. పక్క ల్యాబ్ వాళ్ళ పేపర్లో ఒకే బొమ్మ రెండు చోట్ల కనిపించింది, జర్నల్‌కి రాయాలా వద్దా అనేగా మీ ప్రశ్న, నాకూ అచ్చం ఇలాంటిదే ఎదురైంది.

పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్‌లో ఉండగా ప్రోటోకాల్ (ప్రయోగం చేసే పద్ధతి) కోసం ఒక పేపర్ తిరగేస్తుంటే, రెండో ఫిగర్లోని వెస్టర్న్ బ్లాట్‌నే (ప్రోటీన్లు నల్లటి బ్యాండ్లుగా కనిపించే బొమ్మ) ఎడమది కుడికి తిప్పి ఐదో ఫిగర్లో వేరే ప్రోటీన్ పేరుతో పెట్టేశారు, ఒక బ్యాండ్ పక్కన చిన్న గీత ఉంటే అది కూడా బుద్ధిగా అటువైపుకి వచ్చి కూర్చుంది. కాంట్రాస్ట్ పెంచి చూశాక ఇంక డౌట్ లేదు. ఎడిటర్‌కి మెయిల్ పెడితే ఆథర్స్‌ని అడుగుతామని ఒక్క లైన్ రిప్లై, ఆ తర్వాత నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ అడిగితే ఇది యూనివర్సిటీ చూసుకోవాలన్నారు, యూనివర్సిటీ వాళ్ళేమో జర్నల్ తేల్చాలన్నారు. చివరికి పొరపాటున వేరే బొమ్మ పడిందని, ఫలితాల్లో తేడా ఏమీ లేదని ఒక కరెక్షన్ నోట్ వేసి చేతులు దులుపుకున్నారు. పొరపాటున బొమ్మ మారొచ్చు, తిరగబడి కూడా వస్తుందా అండీ?

ఇదేదో అరుదుగా జరిగేది కూడా కాదు. 2016లో, పేపర్లలో బొమ్మల తేడాలు పట్టే సైంటిస్ట్ ఎలిజబెత్ బిక్ బృందం 20,621 పేపర్లు జల్లెడ పడితే 3.8 శాతంలో బొమ్మలు తేడాగా ఉన్నాయి, అందులో కనీసం సగం కావాలని చేసినట్టే కనిపించాయి. వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టర్ పిల్లలకిచ్చే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాకీ ఆటిజంకీ ముడిపెట్టిన పేపర్ లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో 1998లో వస్తే పూర్తిగా రిట్రాక్ట్ చేసింది, అంటే వెనక్కి తీసుకుంది, 2010లో, అదీ ఒక జర్నలిస్టు వెంటపడి తవ్వితే. ఇంక హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నల్స్ సంగతి, గెస్ట్ ఎడిటర్లకి స్పెషల్ ఇష్యూలు అప్పజెప్పేసి పేపర్ మిల్లులకి (డబ్బులకి దొంగ పేపర్లు తయారుచేసి ఇచ్చేవాళ్ళకి) తలుపులు బార్లా తెరిచి, ఒక్క 2023లోనే 8,000కి పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. అన్ని పేపర్లు రివ్యూ దాటి ఎలా వచ్చాయో వేసినవాళ్ళని గట్టిగా అడిగే నాథుడు ఎవరు, నన్నడిగితే అసలు రోగం అక్కడుంది.

మీరు రాసేటప్పుడు మోసం, దొంగతనం లాంటి మాటలొద్దు, ఫలానా ఫిగర్ ఫలానా ప్యానెల్, ఇది దీనిలా ఉంది, ఒరిజినల్ బ్లాట్లు చూపించమనండి, అంతే. ఎడిటర్‌కీ ఆథర్స్ సంస్థలో రీసెర్చ్ ఇంటెగ్రిటీ (పరిశోధనలో నిజాయితీ) చూసేవాళ్ళకీ ఒకే మెయిల్‌లో పెట్టండి, నేను విడివిడిగా పెట్టబట్టే ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసుకున్నారు. పేరు బయటపడకూడదనుకుంటే పేపర్ల మీద కామెంట్లు పెట్టే పబ్‌పీర్ వెబ్‌సైట్‌లో పేరు లేకుండా రాయొచ్చు, అక్కడ అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఎడిటర్లకి కాస్త చురుకు పుడుతుంది. మీ సీట్ ఆ ఆథర్స్ చేతిలో ఉంటే మాత్రం నేరుగా వెళ్ళి అడగొద్దు. ఆ పేపర్ పేరు ఇక్కడ కామెంట్లో కూడా పెట్టకండి, పక్క ల్యాబ్ అని మీరే రాశారు, మీరెవరో ఇట్టే పట్టేస్తారు.