ఖాళీ పంటుకూ ఒక బోను

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రయోగ ప్రణాళికను అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. ఎడినోవైరస్ వెక్టర్‌తో, అంటే టీకా జన్యువును ఒంట్లోకి మోసుకెళ్లే వైరస్‌తో, ఫ్లూ టీకా, ముక్కులో చుక్కలుగా, ముందు ఎలుకలకు, తర్వాత ముంగిసను పోలిన ఫెర్రెట్లకు. అంతా బాగుంది గానీ, బోనులు చాలవని ఒక గుంపును కొట్టేశావు చూడు, అక్కడ ఆగిపోయాను.

అది ఖాళీ వెక్టర్ గుంపు, ఫ్లూ జన్యువు లేని వెక్టర్ ఇచ్చే ఎలుకలు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్లేవాళ్లం, గుర్తుందా? ఎడినోవైరస్ ఆ పంటు. ఫ్లూ వైరస్ పైనుండే ప్రోటీన్ హీమగ్లుటినిన్, దాని జన్యువు అందులో ప్రయాణికుడు. అవతలి ఒడ్డు మేలుకున్నది పంటు చప్పుడుకా, దిగిన మనిషిని చూసా? ముక్కులో వేసిన వెక్టర్, లోపల ఫ్లూ జన్యువు లేకపోయినా, ఎలుక ఊపిరితిత్తుల్లో సహజ రక్షణను రేపి కొన్ని వారాలు ఫ్లూను అడ్డుకోగలదు. పోల్చడానికి ఉత్త ఉప్పునీరు వేసిన గుంపు ఒక్కటే ఉంటే, కాపాడింది టీకానో పంటో తేల్చలేవు. ఉద్యోగంలో ఉండగా నేనూ ఇదే పొదుపు చేశాను. ఎలుకలన్నీ బతికాయని పూతరేకులు పంచాం. సమీక్షకుడు ఒకే ప్రశ్న వేశాడు, పని మళ్లీ మొదటికొచ్చింది. అందుకోసం అదనంగా ఎన్ని ఎలుకలు పోయాయో నాకు గుర్తుంది, రాయను.

ఇంకో సంగతి. మనుషుల్లో చాలామందికి చిన్నప్పుడే ఎడినోవైరస్ 5 సోకి ఉంటుంది. వాళ్ల ఒళ్లు పంటును ఆనవాలు పట్టి రేవులోనే తిప్పి పంపేస్తుంది. ల్యాబ్ ఎలుకకు ఆ అనుభవం లేదు. కొన్నింటికి ముందే ఎడినోవైరస్ ఇచ్చి, ఆ తర్వాత టీకా వేసి చూడు.

టీకా కాపాడుతుందో లేదో చూడటానికి ఫ్లూ వైరస్ ఎక్కించే రోజున చేతికి తొందర వద్దు. మత్తులో ఉన్న ఎలుక ముక్కులో 50 మైక్రోలీటర్లు వదిలితే ఊపిరితిత్తుల దాకా చేరుతుంది, 10 అయితే చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. పైపెట్ కొసన చుక్క వేలాడనివ్వు. ఊపిరి తీసినప్పుడు అదే లాక్కుంటుంది. నువ్వు తోశావా, బుడగ వచ్చి వైరస్ ద్రవం బయటికి పోతుంది, ఆ డోసు ఎంతో ఎవరికీ తెలియదు.

బరువు రోజూ ఒకే వేళకు తూచు. ఎలుకలో జ్వరం కోసం వెతకకు, జబ్బు ముదిరితే దాని ఒళ్లు చల్లబడుతుంది. జ్వరం, తుమ్ములు ఫెర్రెట్ల వంతు. ఎంత బరువు తగ్గితే బాధ లేకుండా ముగించాలో నైతిక సంఘానికి ముందే రాసివ్వు. ఆ అంకె వచ్చాక ఇంకొక్క రోజు చూద్దామనుకోవద్దు.

మనిషి ఫ్లూ వైరస్‌ను 1933లో లండన్‌లో పట్టింది ఫెర్రెట్ల సాయంతోనే. మన ఫ్లూ వాటికి అంత తేలిగ్గా అంటుతుంది. కొనగానే రక్తపరీక్ష చేయించు, పాత ఫ్లూ యాంటీబాడీలు ఉన్నవాటిని పక్కన పెట్టు. జలుబు చేసినవాళ్లను ఆ గదిలోకి రానివ్వకు, నీకు చేసినా అంతే. పండగకు వచ్చి మీ నాన్న కోళ్ల ఫారంలో తిరిగితే, అవే బట్టలతో, చెప్పులతో ల్యాబ్‌కు వెళ్లకు. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి వైపు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ కోళ్లకు ఏం చేసిందో మన ఇంట్లో ఎవరికీ చెప్పనక్కరలేదు.

బోనులు నిజంగా చాలకపోతే మూడు డోసుల్లో మధ్యదాన్ని తీసెయ్యి, ఖాళీ వెక్టర్‌ను మాత్రం కదపకు. సవరించి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా అచ్చు వేయించు.

మీ పెదనాన్న