పాత సిస్టమ్‌కు కొత్త హార్డ్ డిస్క్: ఎంత సైజు వరకు పెట్టొచ్చు?

ఈ వారం సందేహాల్లో హార్డ్ డిస్కులదే హడావుడి. అందరి బాధా దాదాపు ఒకటే. పెద్ద డిస్క్ కొన్నారు, సిస్టమ్ దాన్ని పూర్తిగా చూపించడం లేదు. అడిగితే 'పాత సిస్టమ్ సార్, సపోర్ట్ చేయదు' అన్న జవాబు వస్తోంది. ఆ మాట అన్నవారిని 'ఏది సపోర్ట్ చేయదు?' అని ఇంకో ప్రశ్న వేయండి. బయోసా (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం), విండోసా, డిస్క్‌ను పార్టిషన్ చేసిన (భాగాలుగా విడగొట్టిన) పద్ధతా, లేక డిస్క్ పట్టే చోటే లేదా? ఏదో తెలిస్తే చాలావరకు డబ్బు ఖర్చు లేకుండానే పని అయిపోతుంది.

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో. 2010లో అసెంబుల్ చేయించిన సిస్టమ్, విండోస్ 7, 500 జీబీ డిస్క్. పెళ్లి వీడియోల కోసం 4 టీబీ డిస్క్ కొన్నాను. అందులో 2048 జీబీ మాత్రమే వాడుకోగలుగుతున్నాను. మిగతా 1678 జీబీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నల్ల గీత కింద కనిపిస్తోంది కానీ, రైట్ క్లిక్ చేస్తే 'న్యూ సింపుల్ వాల్యూమ్' మసకగా ఉంటోంది. షాపులో డిస్క్ వాపసు ఇచ్చేయమంటున్నారు. ఏం చేయాలి? – స్టూడియో యజమాని, తెనాలి

వాపసు ఇవ్వాల్సిన పని లేదు. డిస్కూ బాగుంది, సిస్టమూ బాగుంది. కొత్త డిస్క్ తగిలించినప్పుడు విండోస్ 'ఎంబీఆర్ కావాలా, జీపీటీ కావాలా' అని అడుగుతుంది. అక్కడ మీరో, బిగించిన మెకానిక్కో ఎంబీఆర్ మీద నొక్కి ఓకే చెప్పారు. తేడా అంతా అక్కడే వచ్చింది.

రెండూ డిస్క్‌ను పార్టిషన్ చేసే పద్ధతులే. ఎంబీఆర్ 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన పద్ధతి. అప్పట్లో 10 ఎంబీ డిస్కే గొప్ప. డిస్క్ మీద ప్రతి 512 బైట్ల గడికీ ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ రాసుకోవడానికి ఎంబీఆర్‌లో ఉన్న చోటు 32 బిట్లు. ఇంటి నంబర్ల రిజిస్టర్‌లో నాలుగు అంకెలకే గడులు గీసి ఉంటే 9999 దాటిన ఇల్లు ఊళ్లో ఉన్నా రిజిస్టర్‌కు ఎక్కదు కదా, ఇదీ అంతే. 32 బిట్లలో పట్టేది సుమారు 429 కోట్ల 49 లక్షల నంబర్లు. ఒక్కోదానికి 512 బైట్ల చొప్పున లెక్కేస్తే డిస్క్ కంపెనీల లెక్కలో 2.2 టీబీ, విండోస్ లెక్కలో సరిగ్గా 2048 జీబీ (ఈ రెండు లెక్కల తేడా కింద కర్నూలు ప్రశ్నలో ఉంది). మీ 1678 జీబీ డిస్క్ మీద ఉంది, దానికి నంబర్ లేదు.

మందు జీపీటీ. అది తర్వాత వచ్చిన పద్ధతి, నంబర్ రాసుకోవడానికి చాలా ఎక్కువ చోటు ఉంటుంది. ఇప్పటికే ఆ 2048 జీబీలో ఏవైనా కాపీ చేసి ఉంటే ముందు వేరే డిస్క్‌లోకి తీసుకోండి, ఎందుకంటే ఇప్పుడు చెప్పే పనితో అవి పోతాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌ను 'డిలీట్ వాల్యూమ్' చేయండి. తర్వాత ఎడమ పక్కన 'డిస్క్ 1' అని రాసి ఉన్న బూడిద రంగు పెట్టె మీద రైట్ క్లిక్ చేయాలి. చాలామంది కుడి పక్కన ఉన్న పొడవాటి పట్టీ మీద నొక్కి, ఆప్షన్ లేదని వదిలేస్తారు. ఎడమ పెట్టె మీద నొక్కితే 'కన్వర్ట్ టు జీపీటీ డిస్క్' ఉంటుంది. డిస్క్‌లో ఒక్క పార్టిషన్ మిగిలి ఉన్నా ఆ ఆప్షన్ పనిచేయదు. అది అయ్యాక మొత్తం 3725 జీబీ ఒకే ముక్కగా వస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసుకోండి. అన్నట్టు, పెట్టె పక్కన ఉన్నది డిస్క్ 0నా, 1నా అని రెండోసారి చూసుకుని మరీ డిలీట్ నొక్కండి. మీ విండోస్ ఉన్నది సాధారణంగా డిస్క్ 0లో.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్ 7, 32 బిట్ అయినా 64 బిట్ అయినా, జీపీటీ డిస్క్‌లో ఫైళ్లు దాచుకోగలదు. కానీ ఆ డిస్క్ మీద నుంచి బూట్ కావాలంటే 64 బిట్ విండోస్‌తో పాటు మదర్‌బోర్డులో పాత బయోస్ బదులు యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) ఉండాలి. 2010 నాటి బోర్డుల్లో అది దాదాపు ఉండదు. కాబట్టి 4 టీబీ డిస్క్‌ను సీ డ్రైవ్ చేయాలన్న ఆలోచన పెట్టుకోకండి. విండోస్‌ను చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) మీదికి మార్చి, వీడియోలను 4 టీబీలో ఉంచండి. మీ బోర్డులో డిస్క్ తగిలించే పాత సాటా 2 పోర్టులో ఎస్ఎస్‌డీ పూర్తి వేగం అందుకోదు, అయినా మీ 500 జీబీ డిస్క్‌తో పోలిస్తే ఫొటోషాప్ తెరుచుకునే తీరే మారిపోతుంది. నన్నడిగితే పెద్ద డిస్క్ కంటే ముందు కొనాల్సింది అదే.

జీపీటీ చేశాక కూడా సైజు తేడాగా కనిపిస్తే, ఉదాహరణకు 3 టీబీ డిస్క్ 746 జీబీగా చూపిస్తే, సమస్య స్టోరేజ్ డ్రైవర్‌ది. అది 2048 దగ్గర ఆగి మళ్లీ సున్నా నుంచి లెక్కపెడుతోందన్నమాట. డ్రైవర్ అప్‌డేట్ చేసేదాకా ఆ డిస్క్‌లోకి ఒక్క ఫైలు కూడా కాపీ చేయొద్దు. చివర్లో రాయాల్సింది మొదట్లో ఉన్నదాని మీద రాసే ప్రమాదం ఉంది.

ఇంకో సంగతి స్టూడియోల వారికి బాగా ఎదురవుతుంది. పెద్ద డిస్కులు పెట్టే కొన్ని యూఎస్‌బీ బాక్సులు, ఎక్స్‌పీలో కూడా పనిచేయాలని, గడి సైజును 512 నుంచి 4096 బైట్లుగా మార్చి చూపిస్తాయి. ఆ బాక్సులో ఫార్మాట్ చేసిన డిస్క్‌ను బయటికి తీసి నేరుగా సిస్టమ్‌లో బిగిస్తే 'ఫార్మాట్ చేయమంటారా?' అని అడుగుతుంది. వద్దనండి. తిరిగి అదే బాక్సులో పెడితే ఫైళ్లన్నీ ఉంటాయి. పెళ్లి వీడియోలు మాత్రం ఒక్క డిస్క్‌లోనే ఉంచకండి. డిస్క్ పోయిందని ఎవరూ మళ్లీ తాళి కట్టరు.

ప్రశ్న: డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెంటియం 4, విండోస్ ఎక్స్‌పీ, 40 జీబీ డిస్క్. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి. డిస్క్ టకటకమని శబ్దం చేస్తోంది. 250 జీబీ ఐడీఈ డిస్క్ దొరికితే పెట్టి ఎక్స్‌పీ వేశాం. 127 జీబీయే చూపిస్తోంది. – డీటీపీ ఆపరేటర్, సూర్యాపేట

ముందు ఆ 40 జీబీ డిస్క్ సంగతి. టకటక వినిపించిందంటే దానికి ఎక్కువ రోజులు లేవని. ఈ జవాబు పూర్తిగా చదవక ముందే పేజ్‌మేకర్ ఫైళ్లు, ఫాంట్ల ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి తీసేయండి.

ఇక 127. ఐడీఈ (సాటాకు ముందు తరం) డిస్కులకు మొదట్లో 28 బిట్ల నంబరింగ్ ఉండేది. దాంతో 137 జీబీ దాటలేం, విండోస్ లెక్కలో అది 128కి కాస్త తక్కువ. తర్వాత దాన్ని 48 బిట్లకు పెంచారు. ఇప్పుడు హద్దు సుమారు 14 కోట్ల జీబీ, మన జీవితకాలానికి ఢోకా లేదు. మొదటి ఎక్స్‌పీకి ఈ 48 బిట్ల సంగతి తెలియదు. 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 నుంచి తెలుసు. మీరు వాడిన సీడీ అంతకంటే పాతదై ఉంటుంది. ముందు సర్వీస్ ప్యాక్ 2, దాని మీద 3 వేసి చూడండి, మిగతా భాగం డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని రెండో డ్రైవ్‌గా చేసుకోండి. అప్పటికీ రాకపోతే సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు బయోస్ తెర మీద డిస్క్ సైజు చూడండి. అక్కడ కూడా 137 అని ఉంటే బయోస్ అప్‌డేట్ కావాలి. అది మధ్యలో కరెంటు పోతే బోర్డే పోయే పని. యూపీఎస్ లేకుండా దాని జోలికి వెళ్లకండి.

అసలు వెళ్లడం అవసరమా అన్నది నా అనుమానం. ఇన్నేళ్లూ 40 జీబీతో నడిచిన సెంటర్‌కు 127 చాలదా? శుభలేఖల ఫైళ్లు ఎన్ని చేసినా అది నిండదు.

ఇలాంటి హద్దులు కొత్త కాదు. తొంభైల మధ్యలో 528 ఎంబీ దగ్గర ఇలాగే ఆగింది. అప్పట్లో డిస్క్ మీద ఒక గడి ఎక్కడుందో సిలిండర్, హెడ్, సెక్టార్ అనే మూడు నంబర్లతో చెప్పేవారు. బయోస్ 1024 సిలిండర్లు, 256 హెడ్‌లు, 63 సెక్టార్లు లెక్కపెట్టగలదు. ఐడీఈ పద్ధతి 65,536 సిలిండర్లు, 16 హెడ్‌లు, 255 సెక్టార్లు లెక్కపెట్టగలదు. విడివిడిగా రెండూ పెద్దవే. కానీ రెండూ కలిసి పనిచేయాలంటే ప్రతిదాంట్లోనూ చిన్న అంకెనే తీసుకోవాలి. 1024, 16, 63, ఒక్కో సెక్టార్‌కు 512 బైట్లు గుణిస్తే 528 ఎంబీ. దాన్ని దాటాక 8.4 జీబీ, తర్వాత కొన్ని బయోస్‌లలో 33.8 జీబీ, ఆపైన మీ 137. ఆనాటి డిస్కుల మీద 32 జీబీకి తగ్గించే జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పు) కూడా ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డిస్క్ 32 జీబీగా కనిపిస్తే ఆ జంపర్ ఎక్కడుందో చూడండి.

ప్రశ్న: డల్లాస్ నుంచి అన్నయ్య 5 టీబీ పోర్టబుల్ డిస్క్ పంపాడు. దాన్ని విప్పి నా 2013 ల్యాప్‌టాప్‌లో పెట్టించుకోవచ్చా? – ఉపాధ్యాయుడు, ఖమ్మం

వద్దండి. ఆ డిస్క్ మందం 15 మిల్లీమీటర్లు. ల్యాప్‌టాప్‌లో ఉన్న చోటు 7 లేదా 9.5. మూత పడదు. పైగా కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో లోపల సాటా పోర్టే ఉండదు, యూఎస్‌బీ పోర్టును నేరుగా డిస్క్ బోర్డు మీదే అతికించేస్తారు. విప్పారంటే వారంటీ పోతుంది, పనీ జరగదు. దాన్ని బయటే వాడుకోండి. ల్యాప్‌టాప్ లోపలికి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ కొనండి, 2 టీబీ వరకు నిశ్చింతగా పనిచేస్తుంది.

ప్రశ్న: 1 టీబీ కొంటే 931 జీబీ చూపిస్తోంది. మోసమా? – డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

మోసం లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున. అదే వరసలో 500కి 465, 2 టీబీకి 1.81 టీబీ వస్తాయి. ఇంతకంటే బాగా తక్కువ వస్తేనే అనుమానించండి.

ప్రశ్న: ఎక్స్‌టర్నల్ నుంచి తీసిన 8 టీబీ డిస్క్ నా పాత డెస్క్‌టాప్‌లో అసలు తిరగడమే లేదు. స్నేహితుడి కొత్త సిస్టమ్‌లో బాగానే పనిచేస్తోంది. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ఇది సైజు గొడవ కాదు, కరెంటు గొడవ. కొత్త పెద్ద డిస్కులు కొన్నింటిలో పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు కొత్త పని అప్పగించారు. అక్కడ 3.3 వోల్టులు వస్తే డిస్క్ 'ఆగిపో' అని అర్థం చేసుకుంటుంది. పాత ఎస్ఎంపీఎస్‌లు (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టెలు) ఆ పిన్నుకు, నారింజ రంగు వైరు ద్వారా, ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. నాలుగు పిన్నుల మోలెక్స్ (పాత రకం పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే కేబుల్ ఒకటి కొనండి. మోలెక్స్‌లో ఆ నారింజ వైరే ఉండదు కాబట్టి డిస్క్ తిరుగుతుంది. ప్లాస్టిక్‌ను వైర్ల మీద ఒకే ముద్దగా పోతపోసిన చవక రకం మాత్రం తీసుకోకండి. అందులో వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిన సందర్భాలు ఉన్నాయి. వైర్లు విడివిడిగా గుచ్చి, వెనక మూత తీయగలిగేలా ఉన్న రకం అడిగి తీసుకోండి.