ఫార్ములా ముందే చెప్పేస్తే ఇక పాఠమెక్కడిది?

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటే, పిల్లలకు డిజిటల్ పాఠాలు తయారుచేస్తానంటోంది. ఇందులో బతుకుదెరువు ఉందా సార్?

జవాబు: ఉంది. కానీ ముందు మీ పాప తయారుచేయాలనుకుంటున్నది ఏమిటో అడగండి. బొమ్మలు కదిలే వీడియోలైతే అవి ఇప్పటికే కుప్పలు. కరువంతా పిల్లల చేత ప్రశ్న వేయించే పాఠాలకే.

లోలకాన్నే తీసుకోండి. గుండు బరువు పెంచితే ఊపు నెమ్మదిస్తుందా? చాలామంది పిల్లలు అవుననే అంటారు. ఆ ఊహను ముందు వాళ్లచేత రాయించాలి. తర్వాత బరువూ పొడవూ వాళ్లనే మార్చి చూడనివ్వాలి. మీటరు తాడుకు ఒకసారి పోయి రావడానికి దాదాపు 2 సెకన్లు, బరువు మార్చినా అంతే. తాడు నాలుగు మీటర్లు చేస్తే మాత్రం 4 సెకన్లు. పొడవు నాలుగింతలైతే కాలం రెట్టింపేనా అని పిల్లాడు బుర్ర గోక్కున్నప్పుడే పాఠం మొదలైనట్టు. మొదటి తెరమీదే ఫార్ములా వేసే పాఠం నాకైతే గైడు పుస్తకంలాగే కనిపిస్తుంది.

నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెరమీదే మార్చి చూసే ప్రయోగాలు, ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. వాటిని విప్పి చూసినట్టు చదవమనండి. ఫైఫాక్స్ యాప్ ఫోన్‌లోని సెన్సర్లతోనే త్వరణం కొలుస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు బస్సులో దాన్ని తెరిస్తే మలుపు మలుపుకీ గీత ఊగుతుంది. ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఏ ఊరికుంది? వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్, కదిలే లెక్కల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ జియోజీబ్రా నేర్చుకుంటే పని మొదలుపెట్టొచ్చు.

ఇక ఉద్యోగం. కంపెనీల్లో కంటెంట్ డెవలపర్ పోస్టులుంటాయి, కానీ చాలాచోట్ల చేయించేది బిట్ల తయారీయే. ఇంటర్వ్యూలోనే ఆ సంగతి తేల్చుకోవాలి. పరిశోధన ఇష్టమైతే ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రంలో సైన్స్ బోధన మీదే పీహెచ్‌డీ చేయొచ్చు. బీఈడీ మానొద్దు. పిల్లలు ఎక్కడ తడబడతారో తరగతిలో నిలబడితేనే తెలుస్తుంది, డీఎస్సీ దారీ మూసుకుపోదు.

ముందు తెలుగులో ఒక్క పాఠం తయారుచేసి, హెడ్‌మాస్టరుని అడిగి, పక్కనున్న హైస్కూల్లో పదిమంది పిల్లలకిచ్చి, తను నోరు మెదపకుండా వెనక కూర్చోమనండి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకున్న ఆ నోటుబుక్కునే ఇంటర్వ్యూకి పట్టుకెళ్లమనండి.