అపరిమిత సెలవుల ఆఫర్: ముందు బిల్లింగ్ గంటలు అడగండి

నమస్కారం. ఒక పీఆర్ (ప్రజా సంబంధాల) సంస్థ అపరిమిత సెలవులు, ఉచిత భోజనం ఇస్తామంటోందనీ, జీతం మాత్రం ఇప్పటికన్నా కాస్త తక్కువనీ, చేరాలో వద్దో తేలడం లేదనీ రాశారు. ఈ రంగంలో ఆదాయం చాలావరకు క్లయింటుకు లెక్కగట్టే గంటల మీదే నడుస్తుంది కాబట్టి, సెలవుల పాలసీకన్నా ముందు మీకు పెట్టబోయే బిల్లింగ్ లక్ష్యమెంతో అడగండి. ఏడాదికి 1,600 గంటలన్నారనుకోండి. వారానికి 40 గంటల చొప్పున దానికే 40 వారాలు పోతాయి, మిగిలిన 12 వారాల్లోనే కొత్త క్లయింట్ల కోసం తయారుచేసే ప్రతిపాదనలు (పిచ్‌లు), అంతర్గత సమావేశాలు, శిక్షణ, మీ సెలవులు అన్నీ ఇమడాలి. అపరిమితమన్న మాట బలమెంతో అక్కడే తేలిపోతుంది.

నేను ఇలాంటి సంస్థలోనే పనిచేస్తూ, సెలవు పెట్టిన రోజున రాత్రి పదకొండింటికి ఒక విలేకరి ప్రశ్నకు జవాబు రాస్తూ కూర్చున్నాను, ఎందుకంటే ఆ క్లయింటు పని చూసే రెండో మనిషి లేరు. అందుకే మేనేజరును కాకుండా, మీతో కలిసి పనిచేయబోయేవారిని, నిరుడు ఎన్ని రోజులు సెలవు తీసుకున్నారో, అప్పుడు వారి పని ఎవరు చూశారో అడగండి. కనీసం ఇన్ని రోజుల సెలవు తప్పనిసరి అనీ, క్లయింటుకు సంక్షోభం వచ్చి రాత్రిళ్లు పనిచేస్తే బదులు సెలవు ఉంటుందనీ ఆఫర్ లెటర్లో రాసిస్తే చేరండి. భోజనాన్ని మాత్రం జీతంలో కలిపి లెక్కవేయకండి. రాత్రి భోజనం కూడా పెడుతున్నారంటే పొద్దుపోయేదాకా ఉంటారనే లెక్క.